బస్సు ఇంట్లో బాత్‌టబ్ అమర్చడం ఎలా?

పాత స్కూలు బస్సు కొని, సీట్లు పీకేసి, ఇల్లుగా మార్చుకునే పని పెట్టుకున్నవాళ్లు మంచం గురించి, వంట గట్టు గురించి ఒకసారి అడిగి ఊరుకుంటారు. బాత్‌టబ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. పెట్టవచ్చా? నేల ఆగుతుందా? ఏ సైజు కొనాలి? వాడిన నీళ్లు ఎటు పోతాయి?

పెట్టవచ్చు. నేల నిక్షేపంగా ఆగుతుంది. కాకపోతే చాలామంది పనిని తలకిందులుగా మొదలుపెడతారు. ముందు నచ్చిన టబ్బు కొనేస్తారు, తర్వాత దాని చుట్టూ గోడలు కడతారు. చివర్లో బస్సు కింద దూరి చూస్తే, గొట్టం దిగాల్సిన చోట ఇనుప దూలమో డీజిల్ ట్యాంకో కనిపిస్తుంది. బాత్‌టబ్ పని బస్సు కింద మొదలై పైకి రావాలి. నీళ్లు దిగే దారి తేలాకే టబ్బు ఎక్కడ, ఎంత సైజు అన్నది తేలుతుంది.

ఇక్కడి కొలతలు అమెరికాలో దొరికే పూర్తి సైజు స్కూలు బస్సువి. అక్కడ సామానంతా అంగుళాల్లోనే అమ్ముతారు కాబట్టి పొడవు, వెడల్పులు అంగుళాల్లో ఇస్తున్నాను. నీళ్ల లెక్క మాత్రం లీటర్లలోనే. లీటరు నీళ్లు కిలో బరువు, కాబట్టి లెక్క నోటితోనే తేలిపోతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ పని చేయాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోండి: 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు, ముందుగా అనుమతి కావాలి. పనిముట్లు బయటికి తీయకముందే రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోండి. పని పద్ధతి ఎక్కడైనా ఒకటే.

మీకు నిజంగా టబ్బు కావాలా?

ఇద్దరు పెద్దవాళ్లే ఉండే బస్సుకు మామూలు షవర్ చాలు. దానికయ్యే చోటు, ఖర్చు, నీళ్లు అన్నీ తక్కువ. ఇంట్లో చిన్నపిల్లలున్నా, వారానికోసారి తలంటు పోసుకునే అలవాటున్నా, చెంబుతో నీళ్లు పోసుకుంటే తప్ప స్నానం చేసినట్టు ఉండదన్నా టబ్బు తప్పకుండా పెట్టుకోండి. 24 అంగుళాల వెడల్పు, 36 లేదా 40 అంగుళాల పొడవున్న పొట్టి టబ్బులో బకెట్టు పెట్టుకుని కూర్చుంటే 15 లీటర్లతో స్నానం అయిపోతుంది, చుక్క నీరు బయట పడదు. నన్నడిగితే బస్సుకు తగినది ఈ పొట్టి టబ్బే. కాళ్లు చాపుకుని పడుకునే 60 అంగుళాల ఇంటి టబ్బు వేరే నడవాకో అలమరాకో ఉండాల్సిన చోటును తినేస్తుంది.

కావలసినవి

టబ్బు: మోటార్‌హోమ్ (ఇల్లులా అమర్చిన బండి) సామాను దుకాణాల్లో దొరికే ఏబీఎస్ ప్లాస్టిక్ టబ్బు లేదా ఇంటి యాక్రిలిక్ టబ్బు. పోత ఇనుము వద్దు, ఖాళీగానే వంద కిలోలు దాటుతుంది.

డ్రెయిన్ సామాను: టబ్బుకు సరిపోయే డ్రెయిన్, జల్లెడ మూత, 1½ అంగుళాల గొట్టం, మలుపులు, ట్యాంకు వాసన పైకి రాకుండా ఆపే ట్రాప్ (నీళ్లు నిలిచే వంపు గొట్టం) లేదా అదే పని నీళ్లు లేకుండా చేసే హెప్వో వాల్వు, గొట్టాలను కలపడానికి క్లిప్పులతో బిగించే రబ్బరు కప్లింగులు రెండు.

వాడిన నీళ్ల ట్యాంకు: దుకాణంలో గ్రే ట్యాంకు అని అడగండి. 40 గ్యాలన్లకు, అంటే సుమారు 150 లీటర్లకు తగ్గకుండా తీసుకోండి. దాన్ని వేలాడదీయడానికి యాంగిల్ ఇనుము, బోల్టులు, జారని నట్లు.

నీటి సరఫరా: అర అంగుళం పెక్స్ గొట్టం (వంగే ప్లాస్టిక్ గొట్టం), 12 వోల్టుల పంపు, వేడి-చల్లని నీటిని కలిపే థర్మోస్టాటిక్ వాల్వు.

పనిముట్లు: డ్రిల్లు, దానికి తగిలించి గుండ్రటి రంధ్రం కోసే హోల్ సా, మట్టం చూసే లెవెల్, టార్చి, టేపు, అట్టముక్కలు, తుప్పు ఆపే ప్రైమర్, బాత్‌రూములకు వాడే సిలికాన్, తక్కువ ఉబ్బే ఫోము.

కొనేముందు మూడు లెక్కలు

మొదటిది బరువు. 24×40 టబ్బులో 8 అంగుళాల ఎత్తు నీళ్లు పెడితే, గోడల మందం, లోపలి వాలు పోను, 90 లీటర్ల చుట్టుపక్కల పడతాయి. సులువుగా 100 అనుకోండి. మనిషి 75 కిలోలు, టబ్బు 15 కిలోలు. మొత్తం 190 కిలోలు, అంటే ముగ్గురు పెద్దవాళ్ల బరువు. 60, 70 మంది పిల్లలను మోయడానికి కట్టిన బస్సుకు ఇదొక బరువు కాదు. అసలు ఇబ్బంది ఈ బరువంతా ఒకే పక్కన పడటం. అందుకని మంచినీళ్ల ట్యాంకును టబ్బుకు ఎదురు పక్కన పెట్టండి. రెండూ వీలైనంతవరకు వెనక ఇరుసుకు కాస్త ముందుగా ఉంటే మేలు. ఇరుసు దాటి బాగా వెనక్కి పెడితే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు తేలిపోతుంది.

రెండోది వేడినీళ్లు. ఇక్కడే చాలామంది ఆశ అడియాసవుతుంది. మోటార్‌హోముల్లో పెట్టే 6 గ్యాలన్ల హీటరులో 23 లీటర్లు కూడా పట్టవు. అవి 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్నా, 15 డిగ్రీల చన్నీళ్లు కలిపి స్నానానికి తగిన 40 డిగ్రీలకు తెస్తే వచ్చేది 41 లీటర్లే. టబ్బు సగం కూడా నిండదు. 100 లీటర్లను 15 నుంచి 40 డిగ్రీలకు తేవడానికి సుమారు 2.9 యూనిట్ల కరెంటు కావాలి. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ మొత్తం ఖాళీ చేసినా ఇచ్చేది 1.2 యూనిట్లే. కాబట్టి బ్యాటరీతో టబ్బు నీళ్లు కాచే ఆలోచన మానుకోండి. అదే పని ప్రొపేన్ గ్యాసుతో అయితే 300 గ్రాముల లోపే అయిపోతుంది. నిండు టబ్బు కావాలంటే గ్యాసుతో పనిచేసే, ట్యాంకు లేని హీటరు పెట్టుకోండి. చెంబు స్నానానికైతే 6 గ్యాలన్ల హీటరు హాయిగా సరిపోతుంది.

మూడోది వాడిన నీళ్ల లెక్క. టబ్బులో పట్టే నీళ్లు మొత్తం ట్యాంకులో పట్టాలి, పైగా వంటింటి నీళ్లకూ చోటు మిగలాలి. 150 లీటర్ల ట్యాంకులో 100 లీటర్ల టబ్బు ఒక్కసారే ఖాళీ అవుతుంది, రెండోసారికి చోటుండదు. ఇది తెలిసి పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

పని వరస

1. బస్సు కింద దూరి చూడండి. చదునైన గట్టి నేల మీద బస్సు ఆపి, చక్రాలకు దిమ్మలు పెట్టి, బ్యాటరీ తీగ విప్పేసి టార్చితో లోపలికి వెళ్లండి. జాకీ మీద నిలబెట్టిన బస్సు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరవద్దు. కింద ముందుగా కనిపించేవి నిలువునా పోయే రెండు ఛాసిస్ దూలాలు. వాటి వెలుపలి అంచుల మధ్య వెడల్పు 34 అంగుళాలు ఉంటుంది. బస్సు లోపలి వెడల్పు సుమారు 90 అంగుళాలు. సగం చేసి చూస్తే, గోడ నుంచి దూలం దాకా 28 అంగుళాల ఖాళీ ఉందన్నమాట. గోడకు ఆనించి 24 అంగుళాల టబ్బు పెడితే, దాని డ్రెయిన్ గోడకు 13, 14 అంగుళాల దూరంలో, సరిగ్గా ఆ ఖాళీ మీదికి వస్తుంది. పొట్టి టబ్బు బస్సుకు అంత చక్కగా అమరడానికి కారణం ఇదే.

అయితే ఆ ఖాళీలోనే డీజిల్ ట్యాంకు, బ్యాటరీ పెట్టె, పొగ గొట్టం, బ్రేకుల గాలి గొట్టాలు, వైర్ల కట్టలు కూడా ఉంటాయి. ఏ పక్కన ఏముందో కాగితం మీద బొమ్మ గీసుకోండి. ప్రతిదానికీ వెనక తలుపు నుంచి ఎన్ని అంగుళాలో కొలిచి రాయండి. లోపలికి వచ్చాక అదే కొలతను నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. ఈ బొమ్మ ఉంటే మిగతా పనంతా సగమైపోయినట్టే.

2. ఎత్తు కొలవండి. స్కూలు బస్సుల లోపలి ఎత్తు సాధారణంగా 72 నుంచి 78 అంగుళాలు. కానీ అది మధ్య నడవలో. పైకప్పు పక్కలకు వంగి దిగుతుంది కాబట్టి గోడ పక్కన అంత ఎత్తు ఉండదు. మీరు టబ్బులో నిలబడే చోట, తల ఉండే చోట టేపు పెట్టి కొలవండి. అందులోంచి నేల ప్లైవుడ్, పైకప్పు లోపలి పొర, టబ్బు అడుగు కలిపి 4 అంగుళాలు తీసేయండి. కొందరు గొట్టాలకు చోటు కోసం టబ్బు కింద 6 అంగుళాల అరుగు కడతారు. 78 అంగుళాల బస్సులో కూడా అలా చేస్తే మిగిలేది 68, అంటే 5 అడుగుల 8 అంగుళాలు. వెనక చక్రం గూడు మీద టబ్బు ఎక్కించినా ఇదే నష్టం. కూర్చునే స్నానం చేస్తామంటే ఫరవాలేదు.

3. అట్టతో నమూనా పెట్టి చూడండి. టబ్బు కొలతకు అట్ట కత్తిరించి, డ్రెయిన్ ఉన్న చోట చిల్లు పెట్టి, సుద్ద గుర్తుల మీద పరచండి. డ్రెయిన్ కింద అడ్డదూలం వస్తే అట్టను ఒకటి రెండు అంగుళాలు ముందుకో వెనక్కో జరపండి. అడ్డదూలాన్ని కోయడమనే మాటే వద్దు. డ్రెయిన్ ఎడమ చివరా కుడి చివరా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. టబ్బులు ఎడమవి, కుడివి వేరువేరుగా వస్తాయి, తిప్పి పెట్టడానికి కుదరదు. ఇంత తేలాకే డబ్బు చెల్లించి టబ్బు తెచ్చుకోండి.

పశువులకు నీళ్లు పెట్టే జింకు పూత తొట్టి చాలామందికి నచ్చుతుంది. చూడటానికి బాగుంటుంది, చవక కూడా. కానీ 2×2×4 అడుగుల తొట్టి అంచుదాకా నింపితే 380 లీటర్ల దాకా పడుతుంది. దాని నీళ్లు వదిలే మూత పక్క గోడకు ఉంటుంది కాబట్టి అడుగున నీళ్లు మిగిలిపోతాయి. అడుగున కొత్త డ్రెయిన్ పెట్టుకుని, కోసిన అంచుకు జింకు పెయింటు వేసి, లోపల మూడో వంతు ఎత్తులో గీత గీసుకుని అంతవరకే నింపుకునేవాళ్లు వాడుకోవచ్చు. దాన్ని వెల్డింగు మాత్రం చేయవద్దు, చేయించవద్దు. జింకు పొగ పీలిస్తే జ్వరం, చలి, వాంతులు వస్తాయి.

4. నేలను సరిచేయండి. టబ్బు వచ్చే చోట పాత రబ్బరు, ప్లైవుడ్ పూర్తిగా తీసేసి కింది రేకు చూడండి. స్కూలు బస్సుల్లో తుప్పు దాక్కునేది అక్కడే. సుత్తితో తడితే ఖంగుమనాలి. ధబ్ మన్న చోట రేకు తినేసినట్టే, కొత్త రేకు వేయించండి. మిగతా తుప్పు గీకి, ప్రైమర్, పెయింటు వేసి, పూర్తిగా ఆరాక నీటికి తట్టుకునే ప్లైవుడ్ పరచండి. టబ్బు పెట్టాక ఈ నేల మళ్లీ మీ కంటపడదు.

5. డ్రెయిన్ రంధ్రం వేయండి. ముందు సన్నని బిట్టుతో ఒక చిన్న చిల్లు వేసి, అందులోంచి తీగ ముక్క కిందికి వదిలి, బస్సు కిందికి వెళ్లి అది ఎక్కడ దిగిందో చూడండి. చుట్టూ రెండంగుళాల మేర ఏమీ లేదని కళ్లారా చూశాకే హోల్ సా పట్టండి. గొట్టం బయటి వ్యాసం సుమారు 1.9 అంగుళాలు కాబట్టి 2½ అంగుళాల రంధ్రం కావాలి. అంచును ఆకురాయితో నునుపు చేసి, ప్రైమర్ పూసి, రబ్బరు వలయం తొడగండి. రేకు అంచు నేరుగా ప్లాస్టిక్ గొట్టానికి తగిలితే ప్రయాణంలో అదురుకు అది కొద్దికొద్దిగా కోసుకుపోతుంది.

6. వాడిన నీళ్ల ట్యాంకు బిగించండి. ట్యాంకులోకి నీళ్లు దిగే నోరు టబ్బు డ్రెయిన్ కన్నా కిందికి ఉండాలి. యాంగిల్ ఇనుముతో ఉయ్యాల లాంటి ఫ్రేము చేయించి, దాన్ని ఛాసిస్ దూలాలకు బోల్టులతో బిగించండి. నేల రేకుకు వేలాడదీయవద్దు. దూలానికి పైఅంచు, కిందిఅంచులో చిల్లులు వేస్తే దాని బలం పోతుంది, మధ్యలోని నిలువు భాగంలోనే వేయాలి. తిరిగే షాఫ్టుకు, పొగ గొట్టానికి దూరంగా పెట్టండి. గుంతల్లో ఇరుసు పైకి లేస్తుంది, ఆ చోటు కూడా వదలండి.

ట్యాంకు పైనుంచి ఒక గాలి గొట్టం బస్సు పైకప్పు దాకా తప్పకుండా వెళ్లాలి. సింకుల కింద పెట్టే గాలి వాల్వు లోపలికి మాత్రమే గాలి పీలుస్తుంది. ట్యాంకులోకి నీళ్లు దిగుతుంటే లోపలి గాలి బయటికి పోవాలి కదా, ఆ దారి పైకప్పు మీదే ఉండాలి.

7. ట్రాప్, గొట్టం కలపండి. టబ్బుకూ ట్యాంకుకూ మధ్య వాసన ఆపే ఏర్పాటు తప్పనిసరి. ఇళ్లలో వాడే వంపు ట్రాప్ చవక. కానీ ప్రయాణంలో అందులోని నీళ్లు తొణికిపోతే వాసన నేరుగా పైకి వస్తుంది. చలికాలంలో అవే నీళ్లు గడ్డకట్టి ట్రాప్ పగులుతుంది. హెప్వో వాల్వులో నీళ్లుండవు. లోపలి రబ్బరు పొర నీళ్లు దిగేటప్పుడు తెరుచుకుని ఆగగానే మూసుకుంటుంది. ఎత్తు కూడా తక్కువే పడుతుంది. బస్సుకు నేను దాన్నే సూచిస్తాను. బాణం గుర్తు నీళ్లు పోయే వైపు ఉండేలా పెట్టండి.

గొట్టానికి అడుగుకు పావు అంగుళం వాలు ఇవ్వండి. వాల్వుకు అటూ ఇటూ రబ్బరు కప్లింగులు పెట్టండి, అదురు అవి మింగేస్తాయి, రేపు విప్పడానికీ సులువు. ఏబీఎస్ గొట్టానికి ఏబీఎస్ జిగురు, పీవీసీకి పీవీసీ జిగురు వాడండి. ఒకదానిది ఇంకోదానికి వాడితే మొదట్లో అతుక్కున్నట్టే ఉండి దారిలో ఊడుతుంది.

8. టబ్బును కూర్చోబెట్టండి. బస్సు సమతలంగా ఉందో లేదో లెవెల్ పెట్టి చూడండి. బస్సే ఒరిగి ఉంటే టబ్బును ఎంత మట్టంగా పెట్టినా లాభం లేదు. డ్రెయిన్ చుట్టూ ప్లంబర్ పుట్టీ బదులు సిలికాన్ వాడండి. చాలా పుట్టీలు ప్లాస్టిక్‌కు, యాక్రిలిక్‌కు పడవు.

టబ్బు అడుగు మొత్తం దేనిమీదో ఆనుకుని ఉండాలి. ఇళ్లలో సిమెంటు పరుస్తారు. బస్సులో అది పొడిపొడిగా రాలిపోతుంది. తక్కువ ఉబ్బే ఫోము వాడండి. ఫోము ఆరేదాకా టబ్బులో నాలుగైదు బకెట్ల నీళ్లు పోసి ఉంచాలి, లేకపోతే ఫోము ఉబ్బి టబ్బును పైకి లేపేస్తుంది. డ్రెయిన్ చుట్టూ ఒక జానెడు చోటు ఫోము పడకుండా వదలండి.

గోడ వైపు అంచు కింద చెక్క పట్టీ బిగించండి. బయటి వైపు చట్రాన్ని నేలలోంచి బోల్టులతో, కింద వెడల్పాటి వాషర్లతో బిగించండి. ఇంట్లో టబ్బు తన బరువుతోనే నిలబడుతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బస్సులో అది ముందుకు దూసుకొస్తుంది. డ్రెయిన్ ఉన్న చివర చట్రానికి విప్పగలిగే తలుపు పెట్టండి.

9. నీటి సరఫరా కలపండి. నిమిషానికి 11 లీటర్లు ఇచ్చే పంపుతో 100 లీటర్లు నిండడానికి తొమ్మిది, పది నిమిషాలు పడుతుంది. హీటరుకూ కొళాయికీ మధ్య థర్మోస్టాటిక్ వాల్వు పెట్టి 49 డిగ్రీలకు మించకుండా అమర్చండి. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే అయిదారు సెకన్లలో కాల్చేస్తాయి, పిల్లలకు అంత సమయం కూడా పట్టదు.

గ్యాసు హీటరు విషయంలో రాజీ పడవద్దు. ఆరుబయట వాడుకోమని అమ్మే చవక హీటరును బస్సులో పెడితే కార్బన్ మోనాక్సైడ్ నిండి, వాసన కూడా తెలియకుండానే ప్రాణాలు పోతాయి. గాలి బయటి నుంచి తీసుకుని పొగ బయటికే వదిలే, మోటార్‌హోముల కోసం తయారైన హీటరునే కొనండి. పడక దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. గ్యాసు గొట్టం పని తెలిసినవారి చేతనే చేయించండి.

10. గోడలు, సిలికాన్. గోడ పలకలు టబ్బు అంచు మీదుగా కిందికి దిగాలి, అంచు వెనక్కి పోకూడదు. టబ్బు పక్కన కిటికీ ఉంటే దాన్ని తీసేసి రేకు వేయించడం మంచిది. స్కూలు బస్సు కిటికీలు వయసు మీద పడ్డాక వాన నీళ్లు లోపలికి దింపుతాయి, ఆ నీళ్లు మీ పలక వెనక చేరతాయి. పైకప్పులో గాలి లాగే ఫ్యాను తప్పనిసరి.

సిలికాన్ వేసేముందు టబ్బును నీళ్లతో నింపండి. బరువుకు టబ్బు కొద్దిగా దిగి అతుకు తెరుచుకుంటుంది. అప్పుడు సిలికాన్ నింపి, ఒక రోజంతా అలాగే ఆరనిచ్చి, తర్వాత నీళ్లు వదలండి. ఖాళీ టబ్బుకు వేస్తే మొదటి స్నానానికే అది చీలుతుంది.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

చట్రం మీద పలకలు మూయకముందే ఈ పరీక్షలు చేయండి.

నిలవ పరీక్ష: డ్రెయిన్ మూసి మీరు వాడబోయే ఎత్తు వరకు నీళ్లు నింపి, మట్టం దగ్గర టేపు అంటించండి. కింద ప్రతి అతుకు చుట్టూ పొడి కాగితం రుమాళ్లు చుట్టండి. రాత్రంతా వదిలేయండి. తెల్లారి నీళ్లు టేపు దగ్గరే ఉండాలి, కాగితాలు పొడిగా ఉండాలి. ఎక్కడ కారుతోందో తెలియాలని నీళ్లలో పసుపు కలిపేవారున్నారు. ఆ పని చేయవద్దు, యాక్రిలిక్‌కు, సిలికాన్‌కు పట్టిన పసుపు మరక వదలదు.

వదిలే పరీక్ష: మూత తీసి వినండి. నీళ్లు సుడి తిరుగుతూ ఒకే ధారగా పోవాలి. గుడగుడమంటూ ఆగి ఆగి పోతుంటే గాలి గొట్టంలో లోపముంది. చివర్లో అడుగున నీళ్లు నిలిస్తే ముందు బస్సు మట్టం చూడండి, తర్వాతే టబ్బును అనుమానించండి. ఇదే సమయంలో ఒకరు కింద పడుకుని గొట్టం అతుకులన్నీ వేలితో తడిమి చూడాలి.

నిండు ట్యాంకు పరీక్ష: ట్యాంకు నిండేదాకా వంటింటి సింకులో నీళ్లు పోయండి. నిండాక నీళ్లు ఎక్కడ పైకొస్తాయి? టబ్బులోనే. బస్సులో అన్నిటికన్నా కిందున్న డ్రెయిన్ అదే కదా. వంటపాత్రలు కడిగిన నీళ్లు స్నానాల టబ్బులో తేలడం ఎవరికీ నచ్చదు. హెప్వో వాల్వు కొంతవరకు ఆపుతుంది కానీ దాని మీదే ఆధారపడవద్దు. ట్యాంకు మట్టం చూపే సెన్సరు పెట్టుకోండి, లేదా టబ్బు గొట్టానికి చేతితో మూసే గేటు వాల్వు బిగించండి.

దారి పరీక్ష: టబ్బు ఖాళీ చేసి, గతుకుల దారిలో ఓ గంట బస్సు నడపండి. వచ్చాక నిలవ పరీక్ష మళ్లీ చేయండి. ఎక్కువ లీకులు బయటపడేది ఈ రెండో పరీక్షలోనే. రబ్బరు కప్లింగుల క్లిప్పులు, ట్యాంకు బోల్టులు మళ్లీ బిగించండి. బోల్టు మీదుగా ఫ్రేము మీదికి పెయింటుతో ఒక గీత గీస్తే, అది తర్వాత వదులైతే గీత తప్పి కనిపిస్తుంది. హైవే పక్కన లారీలు ఆగే చోట్ల ఉండే క్యాట్ తూకం మీద మంచినీళ్ల ట్యాంకు నింపి బస్సును తూచండి. ఒక్కో ఇరుసు మీద ఎంత బరువుందో చీటీ ఇస్తారు. డ్రైవరు సీటు దగ్గరున్న పలక మీది పరిమితితో పోల్చుకోండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

టబ్బులో నీళ్లుంచి బస్సు కదిలించడం అన్నిటికన్నా చెడ్డది. వంద లీటర్లు మలుపులో ఒక్కసారిగా ఒక పక్కకు వస్తే బస్సు ఊగుతుంది. పక్క ఊరికే కదా అని కూడా అనుకోవద్దు.

టబ్బుకు పైనుంచి పొర్లే నీటి దారి లేకపోవడం ఇంకొకటి. ఇంటి టబ్బులకు పక్క గోడలో ఆ రంధ్రం ఉంటుంది, చాలా మోటార్‌హోమ్ టబ్బులకు ఉండదు. పిల్లలున్న ఇంట్లో కొళాయి కట్టడం మరిచిపోతే పంపు ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఆగదు. విడిగా ఓవర్‌ఫ్లో కొని బిగించండి, లేదా పంపు స్విచ్చిని టబ్బు పక్కనే, చేతికందే చోట పెట్టండి.

వాడిన నీళ్లను రోడ్డు పక్కన వదిలేయడం మరొకటి. సబ్బు నీళ్లేగా అనుకుంటారు. అమెరికాలో చాలాచోట్ల అది చట్టవిరుద్ధం. ఆర్వీ (మోటార్‌హోమ్) పార్కుల్లో, కొన్ని పెట్రోలు బంకుల్లో ఉండే డంప్ స్టేషన్‌లోనే వదలాలి.

మన ఇళ్లకు ప్రత్యేకమైన జాగ్రత్త కూడా ఉంది. నువ్వుల నూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టి పిల్లలకు తలంటితే, నూనె పట్టిన పిండి హెప్వో వాల్వు రబ్బరు పొరకు అంటుకుని అది సరిగ్గా మూసుకోదు. కుంకుడు తొక్కలు, జుట్టు తోడైతే గొట్టమే పూడుతుంది. దీపావళి తెల్లవారుజామున నలుగురు వరసగా తలంటు పోసుకున్నాక ఇది తప్పదు. డ్రెయిన్ మీద సన్నని జల్లెడ వేసి, తలంటయ్యాక దాన్ని చెత్తబుట్టలో దులపండి. వెంటనే రెండు చెంబుల వేడినీళ్లలో గిన్నెల సబ్బు కలిపి పోయండి. మరిగే నీళ్లు పోయవద్దు, ప్లాస్టిక్ గొట్టం మెత్తబడుతుంది.

చలికాలంలో గడ్డకట్టే ప్రాంతాలకు వెళ్లేముందు ట్యాంకు ఖాళీ చేసి, గొట్టాల్లో నీళ్లు వదిలేసి, వంపు ట్రాప్ పెట్టుకున్నవారు అందులో ఒక గ్లాసు ఆర్వీ యాంటీఫ్రీజ్ పోయండి. గులాబీ రంగులో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ రకమే కొనండి. కార్ల రేడియేటర్లలో పోసేది విషం, దాన్ని స్నానాల గదిలోకి తేవద్దు.